రేపటాయన ఖాతాలో రాయండి

పదేళ్ల తర్వాత మన పేరు పెట్టుకుని, మన ఇంట్లోనే తిరగబోయే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన కోసం ఇప్పటి నుంచే డబ్బు దాచాలని, పూతరేకులు మానాలని, పొద్దున్నే ఏటిగట్టు మీద నడవాలని చెప్పేవాళ్లు ఈ మధ్య ఎక్కువైపోయారు. ఆయన మనకేం చేశాడండీ? ఎప్పుడైనా టీ అయినా ఇప్పించాడా?

ఈ విషయంలో గోదావరి జిల్లాల సిద్ధాంతం ఎప్పుడో ఖరారైంది: పుస్తెలమ్మైనా పులస తినాలి. సముద్రం నుంచి వరదకి ఎదురీదుతూ వచ్చే చేప మహా అయితే రెండు మూడు నెలలు దొరుకుతుంది. చేప ఆగదు, అప్పు ఆగుతుంది. పుస్తెలు ఎవరి మెడలోవి, పులుసులో పెద్ద ముక్క ఎవరి కంచంలోకి వెళ్లిందనేది సామెత చెప్పలేదు. మనమూ అడగకూడదు.

ఇక చెరువులు. తాతలు వరి పండించిన చేనుని తవ్వి వనామీ రొయ్య వేస్తే మూడు నాలుగు నెలల్లో పట్టుబడి. కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలనే లెక్క, బాగుండి రేటు పలికిందా, కొత్త కారు. వైట్‌స్పాట్ రోగం వచ్చిందా, పాత అప్పు మీద కొత్త అప్పు. ఉప్పునీళ్లు పక్క చేలోకి ఊరి, బోరు కూడా ఉప్పబడితే అది పూర్తిగా రేపటాయన వ్యవహారం. మనకి ఇరవై లీటర్ల టిన్ను గుమ్మంలోకే వస్తోంది. గోదారి పక్కన కాపురం ఉండి నీళ్లు కొనుక్కోవడం నామోషీ అనేవాళ్లకి అభివృద్ధి అంటే ఏంటో తెలీదు.

అసలు ఈ ముందుచూపు జబ్బు మనకి అంటించింది కాటన్ దొర. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. ఇంకా పుట్టని జనం కోసం అంత హైరానా ఎందుకో! అయినా మనం కృతఘ్నులం కాదు. ఏటా మే 15న ఆయన విగ్రహానికి దండ వేస్తాం. ఆ ఒక్కరోజు పోగా మిగతా ఏడాదంతా కాలవని గుర్రపుడెక్కకీ, మన మురుగ్గొట్టాలకీ వదిలేస్తాం.

కోనసీమ తాతలదీ అదే వరస. కొబ్బరిమొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు. తాను తాగని బొండాం కోసం డెబ్బై ఏళ్ల మనిషి గొయ్యి తవ్వడం ఏం లెక్క? ఆయన దృష్టిలో రేపటాయన అంటే మనమేనట. సరే, పెద్దాయన మాట తీసెయ్యలేక కాయల దింపు మనమే తీసుకుంటున్నాం. అంతమాత్రాన మనమూ మొక్కలు పెట్టాలని ఎక్కడుంది?

పీపీఎఫ్ అనే సర్కారు పొదుపు ఖాతా తెరవమంటారు కొందరు. పదిహేనేళ్లు ఆగాలట. సంక్రాంతి బరిలో పుంజు రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది, ఫారం నింపే పనే లేదు.

రేపటాయనకి ఇందులో అభ్యంతరాలుంటే గ్రామసభకి వచ్చి చెప్పుకోవచ్చు. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు తెచ్చుకోవాలి.