అప్పు తీర్చే టమాటా

రథసప్తమి నాడు తిరుమల మాడవీధుల్లో స్వామివారు ఒక వాహనం దిగి ఇంకో వాహనం ఎక్కుతున్న వేళ, కొండ కింద తిరుపతిలో, బైరాగిపట్టెడలోని ఒక మిద్దె మీద ఒక టమాటా పండింది. ఒకటే. బరువు 410 గ్రాములు. వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద, సాక్షుల సమక్షంలో తూచాం. అప్పటికి దాని మీద నేను పెట్టిన ఖర్చు 6,340 రూపాయలు. కిలో లెక్కన 15,463 రూపాయలు పడింది.

2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 దగ్గరికి పోయేసరికి దేశమంతా గగ్గోలు పెట్టింది. టమాటా లేకుండా కూర ఎట్లా వండాలో టీవీలో నేర్పించారు. నా రేటు దానికి డెబ్బై ఏడు రెట్లు. అయినా ఇంతవరకు ఒక్క విలేఖరి కూడా మా మెట్లెక్కలేదు. కనుక మా మిద్దె ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం నేనే విడుదల చేసుకోవలసి వస్తోంది.

ఇందులో మొదటి ముద్దాయి చార్లీ బైల్స్ అనే అమెరికా మెకానిక్కు. వెస్ట్ వర్జీనియాలో ఒక కొండదారి దగ్గర లారీల రేడియేటర్లు బాగుచేసేవాడు. మన భాకరాపేట ఘాటు కింద బండి ఆపి బానెట్ ఎత్తితే పరిగెత్తుకొచ్చే మనిషి ఉంటాడు చూడండి, అట్లాంటివాడు. 1930ల్లో పెద్ద కాయలు కాసే టమాటా రకాలను ఒకదానితో ఒకటి కలిపి, ఏళ్ళ తరబడి ఏరి ఏరి, తనదంటూ ఒక రకం తయారు చేశాడు. దాని నారు మొక్కకు డాలరు చొప్పున అమ్మి, ఆరేళ్ళలో ఆరు వేల డాలర్ల ఇంటి అప్పు తీర్చేశాడు. ఆ రకం పేరే మార్ట్‌గేజ్ లిఫ్టర్. మన మాటల్లో, అప్పు తీర్చే టమాటా.

నాకింకా పదకొండేళ్ళ ఇంటిలోను వాయిదాలున్నాయి. అట్లాంటి మనిషి రాత్రి పదకొండున్నరకు నిద్రపట్టక, ఫోనులో ఈ కథ చదివితే ఏం చేస్తాడు? పది విత్తనాలు 290 రూపాయలు. పొద్దున నా భార్య లేచేసరికి ఆర్డరు వెళ్ళిపోయింది.

ఇట్లాంటి వాటిని అక్కడ వారసత్వ రకాలంటారట. హైబ్రిడ్ కాకూడదు. విత్తనం దాచి వేస్తే మళ్ళీ అదే కాయ రావాలి. యాభై ఏళ్ళ చరిత్రయినా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, వెనకాల ఎవరో ఒక అవ్వో తాతో ఉండాలి. చెరోకీ పర్పుల్ అని నల్లెరుపు రంగు కాయ ఒకటుంది. 1990లో టెనెసీ నుంచి ఒకాయన పేరు లేని విత్తనాలు పోస్టులో పంపాడు, ఇవి చెరోకీ తెగవాళ్ళ దగ్గర నుంచి వచ్చాయని చీటీ రాసి. అందుకున్న క్రెయిగ్ లెహూలియర్ అనే తోటప్రేమికుడు ఆ పేరు పెట్టాడు. పోస్టుమాను ఇంటికొచ్చేవరకు అది ఉత్త టమాటా. చీటీ చదివాక చరిత్ర.

మనకూ అవ్వలుండేవాళ్ళు. మా జేజి టమాటా అనేది కాదు. అరవదేశం పక్కనే కాబట్టి తక్కాళి అనేది. పెరట్లో అంట్లు తోమే చోట దానంతటదే మొలిచేది. గాడులు గాడులుగా, గోలీకాయ కంటే కాస్త పెద్దగా, పల్చటి తోలుతో ఉండేది. నోట్లో వేసుకుంటే ఒక కన్ను దానంతటదే మూసుకునేంత పులుపు. ఆ విత్తనం మా ఇంట్లో ఎవరూ దాచలేదు. దానికి ఇంగ్లీషు పేరు లేదు, ఎట్లా దాస్తాం? ఉమ్మడి చిత్తూరు జిల్లాకు వారసత్వమంటేనే పొట్టిది. పుంగనూరు ఆవును చూడండి, మూడడుగులు దాటడానికే ఆలోచిస్తుంది. ఎత్తు తగ్గేకొద్దీ రేటు పెరుగుతుందని తెలిశాకే కదా, దాని మీద మనకు భక్తి కుదిరింది.

ఇక సేద్యం సంగతి. టమాటా పూత నిలవాలంటే రాత్రిళ్ళు చల్లగా ఉండాలి. రాత్రి 24 డిగ్రీలు దాటేకొద్దీ పుప్పొడి సమ్మెలోకి వెళ్ళిపోతుంది, పూలు కాడతో సహా రాలిపోతాయి. పెద్ద కాయల రకాలకు ఈ పట్టింపు మరీ ఎక్కువ. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడి రాత్రికి మర్యాద తెలుసు. తిరుపతికి ఆ ఎత్తు లేదు. ఇక్కడి ఎత్తంతా కొండదే, మనది కాదు. ఏప్రిల్ వచ్చిందంటే అర్ధరాత్రి కూడా మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. పోనీ ఎండలు తగ్గాక నాటుదామంటే ఈశాన్య రుతుపవనం కాచుకుని ఉంటుంది. 2021 నవంబరులో ఈ ఊరి వీధుల్లో నీళ్ళు ఎట్లా పారాయో చూసినవాళ్ళెవరూ అక్టోబరులో టమాటా నాటరు. నేను నాటాను. నాది పెద్ద లక్ష్యం.

వినాయక చవితి వెళ్ళాక పది విత్తనాలు వేస్తే ఆరు మొలిచాయి. వానలకు నారుకుళ్ళు పట్టి మూడు మిగిలాయి. ఈ మూడింటి కోసం గ్రో బ్యాగులు, కొబ్బరిపొట్టు, వర్మి కంపోస్టు, వేపపిండి, వేపనూనె, పసుపు జిగురు అట్టలు, ఎనిమిదడుగుల వెదురు కర్రలు కొన్నాను. ఎందుకంత పొడవంటే, ఈ జాతికి ఎక్కడ ఆగాలో తెలియదు. పైకి పాకుతూనే ఉంటుంది. ప్రతి ఆకు సందులో ఒక పిలక వేస్తుంది. రోజూ దాన్ని గిల్లాలి. రెండు రోజులు బంధువుల పెళ్ళికి చంద్రగిరి వెళ్ళొచ్చేసరికి మిద్దె మీదికి తలుపు తెరుచుకోలేదు.

నవంబరులో ఒక మొక్కకు ఆకుముడత వచ్చింది. తెల్లదోమ తెచ్చే వైరసు అది, వచ్చాక మందు లేదు. పీకి పారెయ్యడమే. పీకాను. ఆ పూట నేను అన్నం తినలేదని నా భార్య ఇప్పటికీ చెప్పుకుంటుంది. నిజానికి ఆ రోజు ఏకాదశి.

మిగిలిన రెండింటికి పూత వచ్చింది. టమాటా పువ్వు తనను తానే పరాగసంపర్కం చేసుకోగలదు, కాకపోతే ఎవరో ఒకరు కదిలించాలి. మా మిద్దె మీదికి తుమ్మెదలు రావు. బ్యాటరీతో అదిరే టూత్‌బ్రష్ పూల వెనకాల ఆనిస్తే పుప్పొడి రాలుతుందని చదివి, అది కూడా కొన్నాను. డిసెంబరు నెలంతా పొద్దున ఎనిమిదింటికి నేను టమాటా పూలకు బ్రష్షు చెయ్యడం ఎదురింటివాళ్ళు చూస్తూ ఉండేవాళ్ళు. వాళ్ళబ్బాయి ఒకరోజు గోడ మీంచి అడిగాడు, "అంకుల్, పేస్టు వెయ్యరా?"

అప్పుడొచ్చింది అసలు కష్టం. నాలుగు పిందెలు నిమ్మకాయంత అయ్యాక అడుగున నల్లబడి కుళ్ళాయి. కాల్షియం అందకపోతే అట్లా అవుతుంది. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వెయ్యమన్నారు. మేం గుడ్డు ముట్టని వాళ్ళం. అందుచేత రోజూ రాత్రి పదింటికి సంచి పట్టుకుని వీధి చివర నూడుల్స్ బండి దగ్గర నిలబడేవాణ్ణి. ఆ బండి పిల్లాడు మొదటి రోజు నవ్వాడు. మూడో రోజు నుంచి నా మొహం చూడటం మానేసి పెంకులు దూరం నుంచి సంచిలో వేసేవాడు. నేనేదో చేతబడి చేస్తున్నానని అతని నమ్మకం. ఇంత చేశాక తెలిసింది, మట్టిలో కాల్షియం లేక కాదట. ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచితే ఉన్న కాల్షియం కూడా కాయదాకా చేరదట. మా వీధికి కుళాయి నీళ్ళు దినం మార్చి దినం వస్తాయి. ఆ ప్రకారమే నేను పోస్తున్నాను. మొక్కేమో అమెరికా పద్ధతిలో రోజూ ఎదురుచూస్తోంది.

తిరుపతి మిద్దె తోట కథలో ఈపాటికి కోతులు రావాలని పాఠకులు చూస్తూ ఉంటారు. వచ్చాయి. ఒకటి నా మొక్క దగ్గర కూర్చుని, పచ్చికాయను చేత్తో తిప్పి చూసి, వదిలేసి పక్కింటి జామచెట్టు మీదికి పోయింది. ఆ అవమానం గురించి ఇంతకంటే రాయలేను.

చివరికి నిలిచింది ఒక్క కాయ. నాలుగైదు పూలు ఒకదానికొకటి అతుక్కుని పూచిన పెద్దపువ్వు నుంచి వచ్చింది. అట్లాంటి పువ్వు కాయ పెద్దదవుతుంది గానీ రూపం మీద పూచీ ఇవ్వదు. ఒకవైపు నుంచి చూస్తే గుమ్మడి పిందె, ఇంకోవైపు నుంచి చూస్తే కోపంగా ఉన్న మా ఆఫీసరు. తొడిమ చుట్టూ పగుళ్ళు. ఫొటో మంచివైపు నుంచి తీసి అందరికీ పంపాను.

ఆ రోజు మా అత్తగారు ఇంట్లోనే ఉన్నారు. ఆమెది వాయల్పాడు పక్క పల్లె. టమాటా తోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి. రాగిసంగటిలోకి పుల్లగూర చేసి, అందులో నా కాయ వేసి ఎనిపారు. మేమందరం ఆమె మొహం చూస్తూ కూర్చున్నాం. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు ఆగి, కూతురి వైపు తిరిగి, "పులుపే ల్యా. కొంచెం చింతపండు పిసుకు" అన్నారు.

ఆమె తప్పేం లేదు. ఆ కాయ పుట్టిందే ముక్క కోసి, ఉప్పు చల్లి, రొట్టె మధ్య పెట్టుకుని తినేవాళ్ళ కోసం. దానికి కండ ఉంది, తీపి ఉంది, గుజ్జు లేదు, పులుపు లేదు. రసంలో వేస్తే చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఒక మూల తేలుతూ ఉంటుంది. కిలో 15,463 రూపాయల టమాటాకు నాలుగు రూపాయల చింతపండు దన్ను కావలసి వచ్చింది.

ఆ రాత్రి ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని బైల్స్ కథ మళ్ళీ చదివాను. నెత్తిన మొట్టినట్టయింది. ఆయన కాయలు అమ్మలేదు. నారు అమ్మాడు! ఆరు వేల డాలర్లలో ఒక్క డాలరైనా టమాటా తిన్నవాడిచ్చింది కాదు, టమాటా పండిద్దామని ఆశపడ్డవాడిచ్చింది. మదనపల్లెలో రెండెకరాలు సాగు చేసే మా షడ్డకుడిని ఈ విషయం అడిగితే ముప్పై ఏళ్ళ ముందే చెప్పేవాడు. నారు ఇచ్చినవాడు డబ్బు తీసుకున్నాడు. కట్టెలు, పురికొస, మందులు అమ్మినవాళ్ళు తీసుకున్నారు. క్రేటుకు బాడుగ ఉంది, లారీకి బాడుగ ఉంది, మండీకి కమీషనుంది. వీళ్ళెవరికీ రేటు పడిపోదు. పడేది కాయకొక్కదానికే. దసరాకు అతను మా ఇంటికొచ్చినప్పుడు ఒక క్రేటు టమాటాలు దించి పోయాడు. "మండీకేస్తే కోత కూలీ గూడా రాదన్నా. మీరన్నా తినండి" అన్నాడు. వాటిని నా భార్య మిద్దె మీద పరిచి, మెత్తబడినవి ఏరి, తూము దగ్గర కడిగి పారబోసింది.

ఇక్కడొక రహస్యం బయటపెట్టాలి. ఆ తూము పక్కన, సిమెంటు పగులులో, అక్టోబరులో ఒక మొక్క మొలిచింది. దానికి నేను నీళ్ళు పొయ్యలేదు. బ్రష్షు చెయ్యలేదు. పెంకులు వెయ్యలేదు. ఫొటో తియ్యలేదు. అది సంక్రాంతి నుంచి గుత్తులు గుత్తులుగా కాస్తూనే ఉంది. మా వంటిల్లు రెండు నెలలు దాని మీదే నడిచింది. కానీ దానికి పేరు లేదు కాబట్టి ఈ శ్వేతపత్రంలో ఇంతవరకు చోటివ్వలేదు.

ఆ లోపం సరిదిద్దాను. పండ్లు కోసి, గుజ్జు పిండి, రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, విత్తనం నీడలో ఆరబెట్టాను. పేరు బైరాగి పింక్. ఎరుపే గానీ, వారసత్వ రకాల్లో పింకుకు గౌరవం ఎక్కువ. పదేసి గింజలు చిన్న బ్రౌన్ కవర్లో వేసి, మీద రెండు వాక్యాలు రాశాను: శేషాచలం కొండల కింద, కాశీ నుంచి కాలినడకన వచ్చిన ఒక బైరాగి జోలెలోంచి జారిపడి, తరతరాలుగా ఒకే ఇంటి పెరట్లో కాపాడబడిన విత్తనం. ఎండకు, వానకు, నిర్లక్ష్యానికి తట్టుకుంటుంది. చివరి వాక్యం అక్షరాలా నిజం.

కవరు 250 రూపాయలు. ఆఫీసులో, అపార్టుమెంట్ల మిద్దె తోటల వాళ్ళలో, నడకకు వచ్చే పెద్దమనుషుల్లో మూడు వారాలకు ఇరవై నాలుగు పోయాయి. ఒకాయన బైరాగి ఏ మఠంవాడని అడిగాడు. పరిశోధన జరుగుతోందని చెప్పాను. 6,340లో 6,000 వచ్చేసింది. 340 దగ్గర ఆగి ఉండగా, మొన్న మదనపల్లె నుంచి షడ్డకుడు ఫోను చేశాడు.

"అన్నా, ఎవురో కవరు ఫొటో పంపినారు. ఎండకీ వానకీ తట్టుకుంటాదంటనే. హైబ్రిడ్ విత్తనం కొని కొని అలిసిపోయినాం. నాకొక రెండు కవర్లు పంపిస్తావా? దుడ్లు ఇప్పుడే ఏస్తా."

"బంధువులం, దుడ్లెందుకప్పా" అన్నాను. అనేలోపే 500 వచ్చినట్టు ఫోను మోగింది.

"మా నేలలో మొలుస్తాదా అన్నా?" అన్నాడు.

మొలిచే పూచీ నాదన్నాను.