భాగహారంలో ఆ ఐదు లైన్లు

గీతలు ఎక్కడ ఖండించుకుంటాయో కచ్చితమైన భిన్నాల్లో లెక్కకట్టే ప్రోగ్రామ్ ఒకటి. లెక్క సాగేకొద్దీ లవ హారాలు ఉబ్బి 400 అంకెల దాకా పోతాయి. కంప్యూటర్ మామూలుగా ఒక పూర్ణసంఖ్యకిచ్చే 64 బిట్లలో 20 ఫ్యాక్టోరియల్ (1 నుంచి 20 దాకా హెచ్చవేస్తే వచ్చేది) పడుతుంది, 21 పట్టదు. అందుకని పెద్ద పూర్ణసంఖ్యల లైబ్రరీ కావాల్సి వచ్చింది. చిన్నవాడు రెండు వారాలు కూర్చుని సొంతంగా రాసేశాడు. పెద్దవాడు 1991 నుంచీ వాడుకలో ఉన్న జీఎంపీ అనే రెడీమేడ్ లైబ్రరీ తెచ్చి పెడదామంటాడు. నేను పెద్దవాడి పక్షమని ముందే ఒప్పుకుంటున్నాను. చిన్నవాడు మాత్రం మాట పడే రకం కాదు.

రాసుకున్నవాడు: మొత్తం 1200 లైన్లు అన్నా. కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం, గ.సా.భా. అన్నీ ఉన్నాయి. 10 లక్షల ర్యాండమ్ లెక్కలు పైథాన్ భాష ఇచ్చే జవాబులతో పోల్చాను, ఒక్క తేడా రాలేదు. టెస్టుల్లో 98 శాతం లైన్లు నడిచాయి. ఇంకా బయటి నుంచి తేవడం ఎందుకు?

తెచ్చుకునేవాడు: సంఖ్యను ఎలా ముక్కలు చేశావు?

రాసుకున్నవాడు: బేస్ వంద కోట్లు. ముక్కకు తొమ్మిది అంకెలు. ప్రింట్ చేయడం తేలిక.

తెచ్చుకునేవాడు: అక్కడే నష్టపోయావు. 400 అంకెలంటే నీకు 45 ముక్కలు. రెండు సంఖ్యల్ని బడి పద్ధతిలో హెచ్చవేస్తే 2025 చిన్న గుణకారాలు, ప్రతి దానికీ క్యారీ తీయడానికి మళ్లీ వంద కోట్లతో భాగహారం. జీఎంపీ 64 బిట్ల ముక్కల్లో పెడుతుంది, వాళ్లు లింబ్ అంటారు. 21 లింబ్‌లు, 441 గుణకారాలు. క్యారీ ప్రాసెసరే చేతిలో పెడుతుంది.

రాసుకున్నవాడు: లింబ్ అంటే కాళ్లూ చేతులూ కదా! సంఖ్యకు కాళ్లేమిటన్నా?

తెచ్చుకునేవాడు: డిజిట్ అంటే వేలు. వేలి కంటే పెద్దది, కొన్ని వేళ్లను కలిపి ఉంచేది లింబ్. పేరు సంగతి వదిలెయ్.

రాసుకున్నవాడు: సరే వదిలేశా. ప్రింట్ సంగతి మాత్రం వదలను. మన ప్రోగ్రామ్ ప్రతి బిందువునూ తెరమీద చూపిస్తుంది. మీ 64 బిట్ల ముక్కల్ని దశాంశంలోకి మార్చడం ఊరికే అవుతుందా? మామూలు పద్ధతిలో అంకెలు రెట్టింపైతే పని నాలుగింతలు. 2022లో పైథాన్ వాళ్లు పూర్ణసంఖ్యను స్ట్రింగ్‌గా మార్చడానికి 4300 అంకెల హద్దు పెట్టింది అందుకే. ఎవరైనా కావాలని భారీ సంఖ్య పంపి సర్వర్‌ను మొరాయించేలా చేయొచ్చని. నా దగ్గర ఆ మార్పిడే లేదు. వరసగా ముద్రించుకుంటూ పోతా, అంతే.

తెచ్చుకునేవాడు: అది నిజం. జీఎంపీ పెద్ద సంఖ్యను సగానికి సగం విడగొట్టుకుంటూ మారుస్తుంది కాబట్టి మరీ అంత నెమ్మది కాదు. అయినా ఒప్పుకుంటున్నా, ప్రింట్‌లో నీదే పైచేయి.

రాసుకున్నవాడు: వేగం పేరు చెప్పి భయపెట్టకండి మరి. 1960లో గణితవేత్త కరాత్సుబా సంఖ్యల్ని సగానికి విడగొడితే నాలుగు గుణకారాలకు బదులు మూడు చాలన్నాడు, 1971లో షోన్‌హాగె, స్ట్రాసెన్ హెచ్చవేతలోకి ఫూరియే రూపాంతరాన్ని దింపారు. అవన్నీ లక్షల అంకెల వాళ్లకు. 400 అంకెల మనకు ఎందుకు?

తెచ్చుకునేవాడు: ఫూరియే అక్కర్లేదు, నిజమే. కరాత్సుబా మాత్రం కొన్ని ప్రాసెసర్లలో పదీ ఇరవై లింబ్‌లకే లాభిస్తుంది, మనం ఆ గుమ్మం దగ్గరే ఉన్నాం. కానీ నా గొడవ వేగం గురించి కాదు, నీ భాగహారం గురించి. 4000ను 509తో భాగించు. బళ్లో ఎలా చేశాం? 509 పూర్తిగా చూడం. 400లో 50 ఎన్నిసార్లు? ఎనిమిది. ఎనిమిది వేసి హెచ్చవేస్తే 4072, దాటిపోయింది. ఎనిమిదిని తుడిచి ఏడు వేస్తాం. కంప్యూటర్ కూడా ఇంతే. మొదటి రెండు ముక్కలతో అంచనా వేస్తుంది, అది ఒకటి ఎక్కువైతే భాజకాన్ని వెనక్కి కలుపుతుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త క్నూత్ తన పుస్తకంలో అల్గారిథమ్ డి అని పేరు పెట్టింది దీనికే. పదో బేస్‌లో ఈ తుడుపు తరచూ వస్తుంది. బేస్ పెరిగేకొద్దీ అరుదైపోతుంది, సుమారు బేస్‌లో సగమన్ని అడుగులకు ఒకసారి (భాగఫలంలో ఒక్కో ముక్క తేల్చడం ఒక అడుగు). నీ బేస్‌కి 50 కోట్ల అడుగులకు ఒకసారన్నమాట. నీ 10 లక్షల లెక్కలూ భాగహారాలే, ఒక్కోదానికి 20 ముక్కల భాగఫలం వచ్చిందనుకో, మొత్తం 2 కోట్ల అడుగులు. ఆ దారిలోకి నువ్వు ఒక్కసారి కూడా వెళ్లకపోయే అవకాశమే ఎక్కువ. 64 బిట్ల బేస్‌లోనైతే జన్మంతా ర్యాండమ్ టెస్టులు నడిపినా తగలదు. అందుకే దీనికి కావాలని తయారుచేసిన లెక్కలే పెట్టాలంటాడు క్నూత్. ఇందాక 98 శాతం అన్నావు, మిగతా లైన్లు ఏవి?

రాసుకున్నవాడు: ...ఉండండి, చూస్తా.

తెచ్చుకునేవాడు: చూడు.

రాసుకున్నవాడు: కొన్ని ఎర్రర్ మెసేజ్‌లు. ఒక ఐదు లైన్లు భాగహారంలోవి. వెనక్కి కలిపేవే.

తెచ్చుకునేవాడు: అవి తప్పని నేననను. ఒప్పని నువ్వూ అనలేవు.

రాసుకున్నవాడు: అంటే పేరున్నవాళ్లకు మాత్రం తప్పులు రావా? ఇంటర్నెట్ సందేశాలకు రహస్య తాళం వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో పెద్ద సంఖ్యను వర్గం చేసే ఫంక్షన్ ఏళ్ల తరబడి అరుదుగా తప్పు జవాబిచ్చేది. కొన్ని 64 బిట్ల యంత్రాల మీద ఆ అవకాశం 2 ఘాతం 128లో ఒకటి. 2015 జనవరిలో సరిచేశారు. ప్రపంచమంతా వాడుతున్నా అన్నాళ్లు దాక్కుంది. నా 1200 లైన్లు నేను చదవగలను. జీఎంపీలో ప్రాసెసర్ ఆదేశాలతో నేరుగా రాసిన అసెంబ్లీ కోడ్‌ను మీరు చదివారా?

తెచ్చుకునేవాడు: లేదు. పట్టుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టే అది బయటపడిందిగా? నీది ఎవరు చూస్తారు?

రాసుకున్నవాడు: మీరు చూస్తున్నారుగా! ఇంకోటి. జీఎంపీకి మెమరీ దొరక్కపోతే ఒక మెసేజ్ ముద్రించి ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. వాడేవాడు గంటసేపు గీసిన బొమ్మ సేవ్ కాకుండానే పోతుంది. నాది ఎర్రర్ తిరిగిస్తుంది.

తెచ్చుకునేవాడు: దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. మెమరీ ఫంక్షన్లు మనవి పెట్టుకోవచ్చు గానీ, అవి కూడా దొరకలేదని తిరిగి రావడానికి వీల్లేదు. లెక్క మొదలుపెట్టే ముందే సైజు చూసుకుని వద్దనాలి. అది మనం రాయాల్సిందే.

రాసుకున్నవాడు: లైసెన్స్ సంగతి? జీఎంపీ ఇచ్చేది ఎల్‌జీపీఎల్ 3 గానీ, జీపీఎల్ 2 గానీ, రెండూ ఓపెన్ సోర్స్ లైసెన్సులే. మన ప్రోగ్రామ్ ఫైల్లోకే స్టాటిక్‌గా కలిపేస్తే షరతులు మెడకు చుట్టుకుంటాయి. హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష కంపైలర్ జీహెచ్‌సీని జీఎంపీ లేకుండా కట్టుకునే దారి ఉంచారంటే ఊరికేనా?

తెచ్చుకునేవాడు: విడి లైబ్రరీగా పెడదాం, కలపొద్దు. జీఎంపీతోపాటే మినీ జీఎంపీ అని ఒక్క సీ ఫైలు వస్తుంది. నెమ్మదే, కానీ అదే ఫంక్షన్ పేర్లు. అది చదవొచ్చు, నీకూ నాకూ కూడా. నీ కోడ్ పారేయకు, టెస్టుల్లో ఉంచు. రెండింటికీ ఒకే లెక్క ఇచ్చి జవాబులు పోలుద్దాం. 4000, 509 లాంటివి వంద కోట్ల బేస్‌లో తయారుచెయ్యి.

రాసుకున్నవాడు: చేస్తా. నా జవాబు ఒక్కటీ తప్పు కాకపోతే?

తెచ్చుకునేవాడు: అప్పుడు ప్రింట్ చేసేది నీ కోడ్‌తోనే.

రాసుకున్నవాడు: లైసెన్స్‌కు మాత్రం వకీలును అడగాలన్నా. విడిగా పెడితే సరిపోతుందని మీరన్నంత మాత్రాన నేను నమ్మను.