డీమోజ్ మౌనం: స్వచ్ఛంద డైరెక్టరీ చెప్పలేకపోయిన ‘కాదు’

వెబ్‌సైటు తయారవగానే యజమాని చేయవలసిన పనుల జాబితాలో డీమోజ్‌కు వివరాలు పంపడం మొదటి వరసలో ఉన్న కాలం ఒకటి ఉంది. రిచ్ స్క్రెంటా, బాబ్ ట్రూయెల్ మరికొందరితో కలిసి 1998 జూన్‌లో గ్నూహూ పేరుతో ప్రారంభించిన ఆ వెబ్ డైరెక్టరీ (సైట్లను వర్గాలవారీగా చూపే జాబితా), అనతికాలంలోనే న్యూహూగా పేరు మార్చుకుని, అదే ఏడాది బ్రౌజరు సంస్థ నెట్‌స్కేప్ చేతికి వచ్చి ఓపెన్ డైరెక్టరీ ప్రాజెక్టు అయింది. డీమోజ్ అన్నది దాని వాడుక పేరు. 2017 మార్చిలో మూతపడేనాటికి అందులో 90 భాషలకు చెందిన 38 లక్షల పైచిలుకు సైట్లు, 10 లక్షలకు మించిన వర్గాలు ఉన్నాయి. సైట్లను పరిశీలించి అందులో చేర్చే ఎడిటర్లుగా మొదటినుంచి చివరిదాకా పనిచేసినవారి మొత్తం సంఖ్య 91 వేలు దాటింది. వారు జీతం తీసుకోకుండా, తీరిక వేళల్లో పనిచేసిన వాళ్లు.

ఇంత పెద్ద నిర్మాణం గురించి వెబ్‌సైటు యజమానుల్లో ఎక్కువగా మిగిలిన జ్ఞాపకం మాత్రం చేదుదే. వివరాలు పంపితే నెలలు గడిచినా జవాబు రాలేదని, పోటీదారులే ఎడిటర్లుగా చేరి తమ సైట్లను తొక్కిపెట్టారని, డబ్బు తీసుకునేవారూ ఉన్నారని ఆరోపణలు వినిపించేవి. అక్రమాలు అసలు జరగలేదనడం అమాయకత్వం. ఫిర్యాదులు స్వీకరించడానికి డీమోజే ప్రత్యేక ఏర్పాటు చేసిందంటే సమస్య ఉందని అదీ ఒప్పుకున్నట్టే. అయినా ఆ డైరెక్టరీ పరువు తీసింది ప్రధానంగా అవినీతి కాదని నా అభిప్రాయం. సైట్లను కాదనే అధికారం ఎడిటర్లకు ఉండవలసిందే. కాదన్న సంగతి యజమానికి తెలియజేసే బాధ్యతను వ్యవస్థ తలకెత్తుకోకపోవడమే అసలు లోపం.

ముందుగా ఎడిటర్ల వైపు నుంచి చూద్దాం. డీమోజ్ నియమాల ప్రకారం డైరెక్టరీ ఉన్నది వెతుక్కునే పాఠకుడి కోసమే తప్ప సైటు యజమాని కోసం కాదు. యజమాని పంపినది ఒక సూచన మాత్రమే. ఎడిటరు ఆ సూచనలను వరసగా పరిశీలించాలన్న నిబంధన లేదు, గడువు లేదు. తనంతట తాను వెతికి మంచి సైట్లను చేర్చుకుంటూ పోయినా పని చేసినట్టే లెక్క. ఊరి గ్రంథాలయానికి ఎవరో ఇచ్చివెళ్లిన పుస్తకాలన్నీ బీరువాలోకి ఎక్కితీరాలని ఎవరూ అడగరు కదా. మరో సైటుకు నకళ్లయిన అద్దం సైట్లు, వేరే చిరునామాకు మళ్లించే పేజీలు, సొంత సమాచారం లేకుండా కమీషన్ లింకులతో నింపినవి నిబంధనల ప్రకారమే పనికిరావు. వచ్చే సూచనల్లో ఇలాంటి చెత్త చాలా ఉండేది. మంచి సైటు చిరునామా కూడా ఆ కుప్పలోనే పడి ఉండేది.

సరైన సైటు పంపినవారు సైతం పొరపడే చోట్లు రెండున్నాయి. మొదటిది వర్గం. రాజమండ్రిలోని ఒక హోటల్‌ సైటును ఊహించుకుందాం. ఇంగ్లీషులో ఉన్న ఆ సైటును యజమాని ప్రయాణాల విభాగంలో పైమెట్టు మీదే చేర్చమని అడుగుతాడు, ఎక్కువమంది చూసేది అక్కడే కాబట్టి. అది నిజానికి చేరవలసిన చోటు ప్రాంతీయ విభాగంలో ఆసియా, భారతదేశం, ఆంధ్రప్రదేశ్ మెట్లు దిగి ఆ ఊరి పేరు కింద. తప్పు వర్గంలో పడ్డ సూచనను అక్కడి ఎడిటరు సరైన వర్గానికి పంపితే, అది అక్కడి కుప్పలో మళ్లీ తన వంతు కోసం ఎదురుచూడాలి. రెండో పొరపాటు వర్ణన, అంటే జాబితాలో సైటు పేరు పక్కన ఉండే చిన్న పరిచయం. ‘గోదావరి తీరాన అత్యుత్తమ సౌకర్యాలతో అందరికీ అందుబాటు ధరల్లో’ అని యజమాని రాసిన వాక్యం చివరికి ‘గదుల వివరాలు, అద్దెలు, చేరుకునే మార్గం’ అన్నంత పొడిగా తేలాలి. ఆ పొడి వాక్యాన్ని తనే రాసి పంపినవాడు ఎడిటరుకు కొన్ని నిమిషాల పని తగ్గించినట్టే. ఉచితంగా పనిచేసే మనిషి విషయంలో ఆ కొన్ని నిమిషాలే నిర్ణాయకం.

ఇంతవరకు తప్పుపట్టడానికేమీ లేదు. పరిస్థితిని మార్చింది గూగుల్. డీమోజ్ తన సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించడంతో, 2000లో గూగుల్ దాని ఆధారంగా సొంత డైరెక్టరీని తెరిచింది. ఇంకెన్నో సైట్లు అదే జాబితాను నకలు చేసుకున్నాయి. ఒక్కచోట పేరు ఎక్కితే అనేక చోట్ల లింకు దొరుకుతుంది, లింకులను బట్టి గూగుల్‌లో స్థానం మెరుగవుతుంది అన్న లెక్క వ్యాపారులకు వెంటనే అర్థమైంది. పాఠకుడి కోసం రాసుకున్న రెండు ముక్కల వర్ణనకు బజారులో ధర పలికింది. నాకు ఇందులో వినోదంగా తోచేది ఆ తరువాతి ఘట్టం. గూగుల్, మైక్రోసాఫ్ట్ వారి ఎమ్మెసెన్ సెర్చి తమ ఫలితాల్లో డీమోజ్ వర్ణనలనే చూపిస్తుంటే, అందులో చోటు కోసం ఎదురుచూసి సాధించినవారిలోనే కొందరు ఆ పొడి వాక్యం తమకు వద్దన్నారు. ఆ వర్ణనను వాడవద్దని చెబుతూ సైటు యజమాని తన పేజీ కోడులో పెట్టే ప్రత్యేక ట్యాగును 2006లో సెర్చి ఇంజన్లు ఒప్పుకోవలసి వచ్చింది.

బజారు విలువ వచ్చిన చోట మౌనానికి అర్థం మారుతుంది. సూచనకు విలువ లేనప్పుడు జవాబు రాకపోతే ఎవరూ పట్టించుకోరు. విలువ వచ్చాక అదే మౌనం కుట్రలా కనిపిస్తుంది. యాహూ డైరెక్టరీతో పోల్చితే ఈ తేడా స్పష్టమవుతుంది. 1994లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో మొదలుపెట్టి, తరువాత జీతగాళ్లతో నడిచిన ఆ డైరెక్టరీ వ్యాపార సైట్ల పరిశీలనకు ఒక దశలో 299 డాలర్లు వసూలు చేసింది. ఆ సొమ్ము కట్టినా చోటు దొరుకుతుందన్న హామీ లేదు, కాదన్నా సొమ్ము తిరిగిరాదు. కొనుక్కున్నది కేవలం ఏడు పనిదినాల్లో ఒక జవాబు. డీమోజ్‌లో ఆ జవాబు ఏ ధరకూ దొరికేది కాదు. సూచన ఏ దశలో ఉందో అడిగి తెలుసుకునే వీలును ఎడిటర్లు కొంతకాలం కల్పించి, తరువాత దాన్నీ మానుకున్నారు. కారణం చెప్పి తిరస్కరిస్తే వాదనకు దిగుతారన్న, స్పామర్లకు కిటుకులు నేర్పినట్టవుతుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ‘పరిశీలించాం, చేర్చలేదు’ అన్న ఒక్క యాంత్రిక సందేశం ఏ కిటుకూ నేర్పదు. 2006 అక్టోబరులో సర్వరు దెబ్బతిని ఎడిటింగ్ వారాల తరబడి ఆగిపోయినప్పుడు, ఆ ఆటంకానికీ మామూలు రోజులకూ బయటివారికి పెద్దగా తేడా కనిపించి ఉండదు.

చిన్న భాషల సంగతి వేరు. డీమోజ్‌లో ఇంగ్లీషేతర భాషలన్నీ ఒక ప్రత్యేక విభాగం కింద ఉండేవి, తెలుగు కూడా అక్కడే. సైటు ఇంగ్లీషు, తెలుగు రెండింటిలోనూ ఉంటే రెండు చోట్లా చేర్చే అవకాశం ఉండేది. అయితే తెలుగు చదవగలిగిన ఎడిటరు ఉంటేనే ఆ శాఖ ముందుకు కదులుతుంది. పైస్థాయి ఎడిటర్లకు ఎక్కడైనా మార్పులు చేసే అధికారమున్నా, చదవలేని భాషలో సైటు మంచిచెడ్డలు తేల్చలేరు. ఇక్కడ జాప్యానికి కారణం చెత్త ఎక్కువై కాదు, మనిషి లేక. తన సైటు చేరలేదని వాపోయే తెలుగువాడు ఆ శక్తితో మూడు నమూనా సైట్లకు వర్ణనలు రాసి, తన సైటు ఏదో దాచకుండా చెప్పి, ఎడిటరుగా దరఖాస్తు చేసుకుని ఉంటే శాఖకూ తనకూ మేలు జరిగేది. తన సైటును తానే చేర్చుకోవడం నియమాల ప్రకారం నేరం కాదు. దానికి మిగతావాటికంటే పెద్దపీట వేయడమే నేరం.

గూగుల్ తన డైరెక్టరీని 2011లో ఎత్తేసింది, యాహూది 2014 డిసెంబరులో ముగిసింది. డీమోజ్ మూతపడ్డాక పాత ఎడిటర్లు అదే సరుకును కర్లీ పేరుతో నిలబెట్టుకున్నారు. పేరు ఎక్కితే సెర్చిలో స్థానం పెరుగుతుందన్న ఆశ ఇప్పుడు దాదాపు లేదు కాబట్టి ఒకప్పటి ఒత్తిడీ ఉండదు. పంపినవారికి జవాబివ్వడం మొదలుపెట్టడానికి ఇంతకంటే అనువైన సమయం దానికి దొరకదు.