సర్వే వివరాలు మా రేవుకు కూడా చేరాలి

ఎక్కడ ఏ జీవులు ఎన్ని ఉన్నాయో లెక్కించే జీవవైవిధ్య సర్వేల వివరాలు అందరికీ అందుబాటులో ఉంచాలని మీరు వేసిన వ్యాసంలో వ్యాసకర్త అన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మాది కాకినాడ దగ్గరి తాళ్ళరేవు పక్క ఊరు. 1978లో ఇక్కడి మడ అడవిలో కోరింగ అభయారణ్యం ఏర్పడింది. ఆ అడవిలో తిరిగిన పరిశోధకులు ఏం తేల్చారో, పడవ నడిపి దారి చూపిన మా జాలర్లకే తెలియదు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

మొన్న నీరు తీశాక రొయ్యల చెరువు గట్టు బురదలో నీటిపిల్లి (చేపలు పట్టి తినే అడవి పిల్లి) అడుగులు చూశాను. నాలుగు వేళ్ళు, గోళ్ళ మొనలతో సహా. పక్కనే చేప పొలుసులు. అలాంటి చోటు మాత్రం బయటపెట్టకూడదు, వేటగాళ్ళకు తెలిసిపోతుంది. జనం తాము చూసిన జీవుల వివరాలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో, అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన స్థానాన్ని దాచి, సుమారు 20 కిలోమీటర్ల వెడల్పున్న గడిగానే చూపిస్తారు. ఇక్కడా అదే పద్ధతి కావాలి. మిగతా వివరాలు, ముఖ్యంగా ఏ ఏడాది ఏ జాతి తగ్గిందో, తెలుగులో రాసి మా రేవులో అంటించండి.