టర్బో పోయిందన్నారా? పానా పట్టే ముందు, డబ్బు కట్టే ముందు

కారు లాగడం లేదు, ఎత్తు ఎక్కేటప్పుడు నల్లగా పొగ వదులుతోంది అని నల్గొండలోనో జడ్చర్లలోనో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా మొదట వినపడే మాట ఒకటే, ‘టర్బో పోయింది సార్’. బానెట్ పూర్తిగా లేపకముందే తీర్పు వచ్చేస్తుంది, వెనకాలే ఎస్టిమేట్ వస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ మాట చాలాసార్లు నిజం కాదు, నిజమైనప్పుడు కూడా అది సగం మాటే. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే ఈ టర్బో ఊరికే పోదు, దాన్ని ఏదో ఒకటి చంపుతుంది, ఆ ఏదో ఒకటి ఏమిటో కనిపెట్టకుండా కొత్తది బిగిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. అందుకే టర్బో కారున్నవాళ్లు, కాస్త ఓపిక ఉన్నవాళ్లు, చెడిపోయిన పార్టుల్లో చాలావాటిని సొంతంగా మార్చుకోవడం నేర్చుకోవాలని నేనంటాను. డబ్బు మిగలడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, తీరిగ్గా వెతికే టైమ్ ఉన్నది ఓనర్‌కే.

మెకానిక్‌లను తిట్టడానికి ఇది రాయడం లేదు. షెడ్డులో మేస్త్రికి డబ్బులొచ్చేది పార్టు బిగించినందుకు. ఆయన రెండు గంటలు పైపులన్నీ తడిమి చూసి, చివరికి ఒక చిన్న క్లిప్పు మార్చి, ‘వెతికినందుకు రెండు వేలు ఇవ్వండి’ అంటే మనలో ఎంతమంది ఇస్తాం? బేరం మొదలుపెడతాం. అదే టర్బో మార్చానని పాతది తెచ్చి చేతిలో పెడితే వేలకు వేలు మారు మాట్లాడకుండా ఇచ్చేస్తాం. ఇక షోరూముల్లో అసెంబ్లీ మొత్తం మార్చడమే పద్ధతి, ఏ పనికి ఎన్ని గంటలన్నది ముందే రాసి ఉంటుంది, ఆ గంటల్లో తాపీగా కారణం వెతికే తీరిక ఎవరికీ ఉండదు. అంటే వెతకడం అనే పనికి మన దగ్గర కూలి లేదు, అందుకే ఆ పని జరగడం లేదు. ఈ పరిస్థితిలో మనమూ భాగస్వాములమే.

టర్బో ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఇంజన్ నుంచి సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసుకు రెండో చివర ఉన్న చక్రం గాలిని లాగి ఒత్తిడితో ఇంజన్‌లోకి తోస్తుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, చిన్న టర్బోలైతే రెండు లక్షలు కూడా దాటేస్తాయి. పొగ వేడి డీజిల్ కార్లలో 700, 800 డిగ్రీల దాకా, పెట్రోల్ కార్లలో 900 పైన ఉంటుంది. ఇంత వేగంలో, ఇంత వేడి పక్కన, చాలా కార్లలో ఆ ఇరుసును మోసేది పల్చటి ఆయిల్ పొర మాత్రమే. ఆ ఆయిల్ కాసేపు అందకపోయినా, మురికిగా అందినా, ఎయిర్ ఫిల్టర్ దాటి ఇసుక రేణువులు చక్రానికి తగిలినా టర్బో పోతుంది. ఇందులో ఏ ఒక్కటీ టర్బో తప్పు కాదు.

మా బావది నకిరేకల్, సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు. విజయవాడ హైవే మీద బండి లాగడం మానేసింది, పొగ వస్తోంది. చూపిస్తే టర్బో మార్చాలన్నారు, నలభై వేల పైమాటే చెప్పారు. ‘ఒక్క ఆదివారం ఆగు బావా’ అని ఇద్దరం కలిసి కింద ప్లాస్టిక్ కవర్ విప్పి చూశాం. టర్బో తోసిన వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు హోస్ పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. కింది వైపు మాత్రం, క్లిప్పుకు దగ్గర్లో, ఆయిల్ తడి మీద దుమ్ము అట్టకట్టి నల్లటి చార ఉంది. దాన్ని గుడ్డతో తుడిచి పైపును రెండు చేతులతో వంచితే నోరు తెరిచినట్టు చీలిక కనపడింది. వంచకపోతే లేనట్టే ఉంది. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు లోపల ఒత్తిడి ఉండదు కాబట్టి షెడ్డులో నిలబెట్టి ఎంతసేపు రేజ్ చేసినా అది పట్టుబడేది కాదు, హైవే మీద లోడ్ పడినప్పుడే తెరుచుకుంటుంది. అక్కడ గాలి బయటికి పోతుంది, డీజిల్ మాత్రం పడాల్సినంతా పడుతుంది, అందుకే నల్లపొగ. హోస్ మార్చాం, కారు మళ్లీ లాగింది. అసలు టర్బోను ముట్టుకోనే లేదు.

ఇలాంటి లీకు పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పైపుల షాపులో పీవీసీ ఎండ్ క్యాప్ ఒకటి కొనండి, దానికి బెజ్జం వేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించండి, ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే పైపు విప్పి టర్బో నోటికి దాన్ని గట్టిగా అమర్చండి. ఇంజన్ ఆపే ఉంచాలి, ఇంజన్ లోపలి ఆవిరి బయటికొచ్చే బ్రీదర్ పైపు మూసేయాలి. పంక్చర్ షాపులో కంప్రెసర్‌తో పది పీఎస్ఐ దాకా గాలి పట్టి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లితే లీకున్న చోట బుడగలు వస్తాయి. పదిహేను దాటించొద్దు.

స్కానర్ గురించి కూడా చెప్పాలి. కారు కంప్యూటర్ చూపించే లోపాల కోడ్లు చదివే, బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిసే చిన్న ఓబీడీ పరికరం తక్కువ ధరకే దొరుకుతుంది, ఈ పదేళ్లలో వచ్చిన దాదాపు అన్ని కార్లలో స్టీరింగ్ కింద దాని సాకెట్ ఉంటుంది. చాలామంది కోడ్ చూసి ఆగిపోతారు. పీ0299 అని వస్తే ‘టర్బో కోడ్ వచ్చింది’ అని తేల్చేస్తారు. ఆ కోడ్‌కు అర్థం ఒత్తిడి తక్కువగా ఉందని మాత్రమే, ఎందుకు తక్కువో అది చెప్పదు. కోడ్ కంటే లైవ్ రీడింగులు విలువైనవి. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఎంత చూపిస్తోందో చూడండి. మన నల్గొండ, పాలమూరు సముద్ర మట్టానికి నాలుగైదు వందల మీటర్ల ఎత్తులో ఉన్నాయి కాబట్టి అది దాదాపు 95 నుంచి 97 కిలోపాస్కల్స్ చూపించాలి. అక్కడే 80 అనో 110 అనో చూపిస్తే అనుమానించాల్సింది సెన్సర్‌నే, టర్బోను కాదు. అది సరిగ్గా ఉంటే పక్కన ఒకరిని కూర్చోబెట్టి, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కి చూడండి, ఆరోగ్యంగా ఉన్న టర్బో డీజిల్‌లో అది 200 దగ్గరికి, చాలా కార్లలో ఆ పైకి వెళ్తుంది. ఎక్కకపోతే అప్పుడు హోసులు, టర్బో ఒత్తిడిని అదుపు చేసే యాక్చుయేటర్, దానికి వెళ్లే సన్నటి వ్యాక్యూమ్ పైపు, ఆ దారిని తెరిచి మూసే సోలెనాయిడ్ ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. ఆ సన్నటి పైపు ఇంజన్ వేడికి గట్టిపడి పగిలిపోతుంది, ఖరీదు చాలా తక్కువ. దానికోసం టర్బోలు మార్పించుకున్నవాళ్లు ఉన్నారంటే బాధేస్తుంది.

హోసులు, క్లిప్పులు, మ్యాప్ సెన్సర్, సోలెనాయిడ్, ఫిల్టర్లు, పెట్రోల్ కారైతే ప్లగ్గులు, కాయిల్స్, ఇవన్నీ మామూలు పానాలతో ఇంటి ముందు చేసుకోదగ్గవే. కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు విప్పి మసి కడగడం కొంచెం ఓపిక పని, అదీ సాధ్యమే. కానీ ఇంజన్‌కు డీజిల్‌ను గట్టి ఒత్తిడితో అందించే కామన్ రైల్ పైపుల జోలికి మాత్రం పోవద్దు. అందులో ఒత్తిడి 1,600 బార్ దాకా, కొన్ని కార్లలో ఆ పైన కూడా ఉంటుంది, సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతే చేయి పోయే ప్రమాదం ఉంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకు దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. వారంటీలో ఉన్న బండిని అసలే విప్పొద్దు. ఇవి భయపెట్టడానికి కాదు, చేసుకునేవాళ్లు క్షేమంగా చేసుకోవాలని.

నిజంగానే టర్బో పోయిందనుకుందాం. గాలి వైపు పైపు విప్పి ఇరుసును వేళ్లతో కదిపితే పక్కలకు కొద్దిగా ఊగడం మామూలే, ముందుకు వెనక్కు కదులుతుంటే, చక్రం రెక్కలు గోడకు రాసుకున్న గీతలుంటే అది పోయినట్టే. నీలం పొగ, ఆయిల్ తగ్గిపోవడం కూడా ఆ సంగతే చెప్తాయి. అలా ఆయిల్ విపరీతంగా లాగే డీజిల్ బండిని నడపడం ప్రమాదం, ఆ ఆయిలే ఇంధనమై ఇంజన్ తాళం తీసినా ఆగకుండా అరుస్తుంది. అప్పుడు మాన్యువల్ బండైతే బ్రేక్ గట్టిగా తొక్కి, పెద్ద గేరులో వేసి క్లచ్ వదిలి ఆపేయాలి.

ఇక కొత్త టర్బో బిగించడం. నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించడమే అయితే ఎవరైనా చేస్తారు, అసలు పని దాని చుట్టూ ఉంది. ఆయిల్ తెచ్చే సన్నటి పైపు లోపల గడ్డకట్టిన మసి ఉంటుంది, దాన్ని కడిగి వాడే కంటే కొత్తది వేయడం మేలు. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే. ఆయిల్ తిరిగి కిందకు దిగే పైపు ఎక్కడా నొక్కుకోకూడదు, ఆ జాయింట్లలో సిలికాన్ గమ్ పూయకూడదు, బిగించినప్పుడు లోపలికి పిండుకుపోయిన గమ్ ముక్క దారి మూసేస్తుంది. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ విప్పి ఆయిల్ లాగే జాలి చూడాలి, అది సగం మూసుకుపోయి ఉంటే హంతకుడు దొరికినట్టే. ఇంటర్‌కూలర్‌లో పాత టర్బో వదిలిన ఆయిల్, లోహపు ముక్కలు ఉంటాయి, వాటిని కడగకుండా స్టార్ట్ చేస్తే అవి నేరుగా ఇంజన్‌లోకే. చివరగా టర్బో ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి చక్రాన్ని చేత్తో తిప్పి, ఇంధనం అందకుండా చేసి స్టార్టర్‌తో కొన్ని సెకన్లు తిప్పి, ఆయిల్ చేరాకే స్టార్ట్ చేయాలి, రెండు నిమిషాలు యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. ఈ చివరి పనులు వదిలేసినందుకే కొత్త టర్బో తిరిగి షెడ్డుకు వస్తుంది, అప్పుడు ‘పార్టు డూప్లికేట్’ అంటారు.

డూప్లికేట్లు లేవని కాదు. ఆయిల్ ఫిల్టర్లలో, సెన్సర్లలో బాగా ఉన్నాయి. పాత పార్టు మీద నంబర్ రాసుకుని, దాంతోనే ఆటోనగర్‌లోనో రాణిగంజ్‌లోనో అడగండి, బిల్లు తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టులన్నింటి మీదా జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. బిల్లు లేకపోతే తక్కువకొస్తుందనే మాటకు లొంగొద్దు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టుపక్కల, క్వారీలున్న రోడ్ల మీద, కోతల కాలంలో పల్లెల్లో తిరిగే బండికి కంపెనీ రాసిన కిలోమీటర్ల దాకా ఎయిర్ ఫిల్టర్ ఆగదు. మే నెలలో 45 డిగ్రీల్లో తిరిగే టర్బో కారుకు ఆయిల్ కూడా అంతే, నేనైతే పుస్తకంలో రాసినదానికంటే ముందే మారుస్తాను. పంతంగి టోల్ దాకా గట్టిగా తోలి హోటల్ ముందు ఆపగానే తాళం తీసేస్తారు, ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచితే ఆ ఇరుసు చుట్టూ ఉన్న ఆయిల్ మాడదు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం ఇంకో పెద్ద సమస్య. మన దగ్గర చాలా ఊళ్లలో బోరు నీళ్లు కఠినంగా ఉంటాయని వేరే చెప్పక్కర్లేదు, బకెట్ అడుగున తెల్లగా పేరుకునేది చూస్తూనే ఉన్నాం. పెట్రోల్ టర్బోల్లో చాలావాటికి కూలెంట్ దారి కూడా ఉంటుంది, ఆ సన్నటి దారిలో అదే పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేమీ పోయొద్దు.

ఈజీఆర్ మూసేస్తాం, డీజిల్ పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ తీసేస్తాం, బండి ఎగిరిపోద్ది అని చెప్పేవాళ్లు హైవే పొడుగునా ఉన్నారు. దీన్ని నేను రిపేరు అనను. బండి ఎందుకు మసి కక్కుతోందో చూడకుండా మసిని ఊళ్లోవాళ్ల ఊపిరితిత్తుల్లోకి వదలడం అది. పైగా చట్ట విరుద్ధం.

సొంత రిపేరుకు అసలు అడ్డు చేతకానితనం అనుకోను. సమాచారం దొరక్కపోవడమే అడ్డు. ఏ బోల్టు ఎంత బిగించాలో, వైరింగ్ ఎలా ఉందో చెప్పే మాన్యువల్ ఓనర్‌కు ఇవ్వరు, కొన్ని పార్టులు మార్చాక కంపెనీ స్కానర్ పెట్టి రిజిస్టర్ చేస్తేనే పనిచేస్తాయి. 2014 ఆగస్టులో, మార్కెట్‌లో పోటీని కాపాడే కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది సరిగ్గా ఈ విషయంలోనే, విడి పార్టులూ స్కానింగ్ పరికరాలూ బయటి షెడ్లకు అందకుండా చేస్తున్నారని. తర్వాత అప్పీళ్లు, కోర్టులు. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు కోసం కమిటీ వేసింది, అందులో ఆటోమొబైల్ కూడా ఒక రంగం, ఆ ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ కూడా తెచ్చింది. అయినా దేవరకొండలో షెడ్డు పెట్టుకున్న మేస్త్రికి ఈ రోజుకీ కంపెనీ మాన్యువల్ అందదు, యూట్యూబే దిక్కు. పోర్టల్‌తో కాదు, చట్టంతోనే కంపెనీలు దారికొస్తాయి.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల ఐటీఐల్లో ఆదివారం ఒక పూట, కొద్దిపాటి ఫీజు తీసుకుని, ర్యాంపు, మంచి స్కానర్, టార్క్ రెంచ్ ఓనర్లకూ చుట్టుపక్కల షెడ్ల మేస్త్రులకూ వాడుకోనివ్వాలి, పక్కన ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. దీనికి కొత్త బడ్జెట్ పెద్దగా అక్కర్లేదు, వారాంతంలో తాళం తీసేలా ఒక ఆర్డర్ వస్తే సరిపోతుంది, దాన్ని కలెక్టర్లను అడగాల్సింది మనమే.