కావలి నుంచి డల్లాస్‌కి ఎన్ని గంటలు?

విమాన ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో చెప్పిన మీ వ్యాసంలో, దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగించి, చెన్నై నుంచి అమెరికాలోని డల్లాస్‌కి 17 గంటలని రాశారు. లెక్క తప్పు కాదు గానీ, అలా నేరుగా వెళ్లే విమానం ఏదండీ? పోయిన వేసవిలో మా అమ్మాయి దగ్గరికి దుబాయ్ మీదుగా వెళ్లాం. దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ 3 గంటల పడిగాపులు, మళ్లీ 16 గంటలు. కావలిలో కారెక్కి, సూళ్లూరుపేటలో టీకి ఆగి, చెన్నైలో ఆవకాయ పెట్టె రెండు కిలోలు ఎక్కువైందని విప్పి మళ్లీ కట్టిన బాగోతం దీనికి అదనం. గడప దాటింది మొదలు లెక్కేస్తే 34 గంటలు!

ఇంకో మాట. సీటు ముందు తెరలో విమానం తిన్నగా పడమరకి పోకుండా ఉత్తరంగా, గ్రీన్‌లాండ్ వైపు ఎక్కుతుంటే మా ఆవిడకి ఒకటే టెన్షన్, దారి తప్పాడేమోనని. భూమి గుండ్రం కదా, బంతి మీద దారం లాగి చూస్తే అదే దగ్గర దారి. తిరుగు ప్రయాణం గంటన్నర తగ్గింది. పైన పడమర నుంచి తూర్పుకి వీచే గాలి వెనక నుంచి తోస్తుందట. ఆ సంగతి కూడా రాయాల్సింది.