ఆ ఆరు ఉత్తరాలకు జవాబెవరు చెప్పాలి?

ఒకప్పుడు ఇంగ్లండ్ చర్చికి, ఆంగ్లికన్ క్రైస్తవులకు పెద్దగా ఉన్న కాంటర్‌బరీ మాజీ ఆర్చ్‌బిషప్ జార్జ్ కేరీ, ఆరాధన నడిపేందుకు తనకున్న అనుమతిని 2024 డిసెంబర్‌లో తిరిగి ఇచ్చేశారు. అప్పటికి ఆయనకు 89 ఏళ్లు, పదవి దిగి 22 ఏళ్లయింది. ఆ నెలలోనే బయటికొచ్చిన లేఖలో తాను 1962 నుంచి సేవలో ఉన్నానని గుర్తుచేసుకున్నారు, లండన్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా పనిచేసిన డయోసిస్‌ల (బిషప్‌ల పాలనా ప్రాంతాల) పేర్లన్నీ వరసగా రాసి, అక్కడ సేవ చేయడం తనకు దక్కిన గౌరవమన్నారు. చదివితే వయసు మీదపడి సెలవు తీసుకుంటున్న పెద్దాయన ఉత్తరంలా ఉంటుంది. ఏ గొడవ నడుస్తుండగా ఆ లేఖ బయటికొచ్చిందో తెలియని వాళ్లయితే కళ్లు తుడుచుకుంటారు కూడా. మాకు మాత్రం కోపం వచ్చింది.

గొడవ ఇది. డేవిడ్ టుడార్ అనే పాస్టర్‌ని 1989లో చర్చి సస్పెండ్ చేసింది. ఐదేళ్ల తర్వాత అతను మళ్లీ విధుల్లో చేరడానికి కేరీ ఒప్పుకున్నారని, క్రమశిక్షణ చర్యకు గురైన వాళ్ల జాబితాలోంచి అతని పేరు తీసేయడానికీ సరేనన్నారని బీబీసీ బయటపెట్టింది. ఇద్దరు అమ్మాయిల మీద, 15, 16 ఏళ్ల పిల్లల మీద లైంగిక అఘాయిత్యం చేసినట్టు అతనే ఒప్పుకున్నాక చర్చి జీవితకాల నిషేధం పెట్టింది, అదీ 2024 అక్టోబర్‌లో. 1994 నుంచి లెక్కేసుకుంటే ముప్పై ఏళ్లు. ఆ పేరే తనకు గుర్తులేదని కేరీ అన్నారు.

గుర్తు లేకపోవచ్చు, ఆ వయసులో ఎవరికైనా కష్టమే. కానీ గుర్తులేదనే మాట ఆయన చెప్పలేని కేసు ఇంకొకటుంది. దాని గురించి రెండు పెద్ద విచారణలు జరిగాయి, ఆయన స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పారు, క్షమాపణ కూడా అడిగారు. అది పీటర్ బాల్ కేసు, ఆ ఏడు ఉత్తరాల కేసు. అనుమతి వెనక్కిచ్చేస్తే అన్ని లెక్కలూ తీరిపోయినట్టే అనే ఈ పద్ధతి చర్చిలో ఎక్కడ వేళ్లూనుకుందో చూడాలంటే అక్కడికే వెళ్లాలి.

కేరీ మామూలు మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. తూర్పు లండన్‌లో ఆస్పత్రి పోర్టర్ కొడుకు. పదకొండేళ్లప్పుడు రాసే పరీక్ష తప్పాడు, పదిహేనేళ్లకే బడి మానేసి కరెంటు బోర్డు ఆఫీసులో చిన్న ఉద్యోగానికి కుదిరాడు. వైమానిక దళంలో కొన్నాళ్లు పనిచేసి, తర్వాత పట్టుబట్టి చదువుకుని పాస్టర్ అయ్యాడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మెట్లెక్కకుండానే 1991లో కాంటర్‌బరీ పీఠానికి చేరాడు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు అది ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో మన ఊళ్లలో మొదటితరం చదువుకున్న వాళ్లెవరిని అడిగినా చెబుతారు. 1992 నవంబర్ 11న ఆడవాళ్లకు గురుత్వాభిషేకం ఇచ్చి పాస్టర్లను చేయాలా వద్దా అని చర్చి పాలక సభ అయిన సినడ్‌లో ఓటింగ్ జరిగితే, సామాన్య విశ్వాసుల సభలో కేవలం రెండు ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఆయన ఆ తీర్మానం పక్షాన గట్టిగా నిలబడ్డారు. 1994 మార్చిలో బ్రిస్టల్ కెథెడ్రల్‌లో 32 మంది మహిళలు తొలిసారి ఆ అభిషేకం అందుకున్నారు. అంత ఎదురుగాలిలో నిలబడగలిగిన మనిషి కాబట్టే ఆయన్ని నిలదీస్తున్నాం.

ఎందుకంటే, ఆ ఉత్తరాలు వచ్చింది కూడా ఆ 1992 చలికాలంలోనే.

1992 డిసెంబర్‌లో గ్లోస్టర్ బిషప్ పీటర్ బాల్‌ని పోలీసులు అరెస్ట్ చేశారు. బాల్ అంటే అప్పట్లో సాధువు లెక్క, కవల సోదరుడితో కలిసి సన్యాసుల సంఘం పెట్టినవాడు. అంతకుముందు లూయిస్ బిషప్‌గా ఉన్న పదిహేనేళ్లలో, ఒక ఏడాది దేవునికి ఇవ్వండి అని కుర్రాళ్లను పిలిచి తన ఇంట్లోనే పెట్టుకునేవాడు. ఆ ఇంట్లో జరిగింది ఒక యువకుడు బయటికి చెప్పాడు. అరెస్ట్ వార్త పేపర్లలో రాగానే కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఉండే లాంబెత్ ప్యాలెస్‌కు ఉత్తరాలు రావడం మొదలైంది, అదీ క్రిస్మస్ చుట్టుపక్కల. మాకూ ఇలాంటిదే జరిగింది, మా వాడికీ ఇలాంటిదే జరిగింది అని. మొత్తం ఏడు. బిషప్ మీద ఆర్చ్‌బిషప్‌కి ఫిర్యాదు రాయడమంటే ఆ కాలంలో, ఆ కుటుంబాలకు ఎంత పెద్ద మాటో ఊహించుకోండి. పోలీసుల దగ్గరికి కాదు, పేపర్ల దగ్గరికి కాదు, తమ కాపరి దగ్గరికి రాసుకున్నారు, ఆయనైతే న్యాయం చేస్తాడని.

ఏడింటిలో ఒక్కటే పోలీసులకు చేరింది. ఉన్నవాటిలో తీవ్రత తక్కువ ఉన్న ఉత్తరం అది. మిగతా ఆరూ ప్యాలెస్ దాటి వెళ్లలేదు.

ఆ ఆరూ వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఎవరూ ఖాయంగా చెప్పలేరు, మేమూ చెప్పం. వెళ్లకపోతే ఏమైందో మాత్రం లోకానికంతా తెలుసు. 1993 మార్చిలో బాల్‌కి పోలీసులు ఒక హెచ్చరిక ఇచ్చి వదిలేశారు, అతను బిషప్ పదవికి రాజీనామా చేశాడు. అంతటితో అయిపోయింది. ప్రమాదకరమైన వాళ్ల పేర్లుండే జాబితాలో అతని పేరు ఎక్కలేదు. కొన్నాళ్లకు మళ్లీ ప్రసంగాలు, మళ్లీ ఆరాధనలు. యువరాజుగా ఉన్నప్పటి ఛార్లెస్ ఎస్టేట్ కొన్న ఇంట్లో అద్దెకుంటూ, సోదరుడితో కలిసి ఏళ్ల తరబడి రిటైర్డ్ బిషప్ మర్యాదలతో బతికాడు. 2015 అక్టోబర్‌లో గానీ జైలుకు పోలేదు, అప్పటికి అతనికి 83 ఏళ్లు. 18 మందికి సంబంధించిన నేరాలకు పడింది 32 నెలల శిక్ష, పదహారు నెలలకే బయటికొచ్చేశాడు. మొదట నోరు విప్పిన ఆ యువకుడు అవేవీ చూడలేదు. 2012లోనే ప్రాణం తీసుకున్నాడు.

రాజీనామాతో సరిపెట్టడం అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చూపించే కేసు మాకు తెలియదు. 1993లో ఒక బిషప్ పదవి వదిలేస్తే, పాపం చాలా పోగొట్టుకున్నాడు అని జాలిపడి, అక్కడితో పుస్తకం మూసేశారు. ఆయన పోగొట్టుకున్నది లెక్కలోకి వచ్చింది, ఆ ఆరు ఉత్తరాలు రాసినవాళ్లు పోగొట్టుకున్నది రాలేదు.

2017లో చర్చి వేయించిన విచారణలో మోయిరా గిబ్ ఇచ్చిన నివేదిక ఈ సంగతంతా కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. చర్చి కుమ్మక్కైంది, దాచిపెట్టింది అని అప్పటి ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీయే ఒప్పుకున్నారు. ఆయన అడిగితే కేరీ ఆక్స్‌ఫర్డ్ డయోసిస్‌లో ఉన్న గౌరవ సహాయ బిషప్ హోదా వదులుకున్నారు. బాగుంది అనుకున్నాం. మరుసటి ఏడాదే ఆరాధన నడిపే అనుమతి ఇచ్చారు. 2019లో ప్రభుత్వం వేసిన విచారణ సంఘం కూడా తప్పుబట్టింది. 2020 జూన్‌లో కుర్రాళ్లను హింసించిన జాన్ స్మిత్ అనే ఇంకొకడి వ్యవహారంలో ఆ అనుమతి తీసేశారు. 2021 జనవరిలో మళ్లీ ఇచ్చారు. చివరికి 2024 డిసెంబర్‌లో ఆయనే తిరిగి ఇచ్చేశారు. ఇవ్వడం, తీసుకోవడం, మళ్లీ ఇవ్వడం. ఏడేళ్లు నడిచిందంతా ఒక కాగితం గురించి. ఆ కాగితం కేరీ చేతిలో ఉంటే బాధితులకు ఒరిగేదేముంది, లేకపోతే ఒరిగేదేముంది? బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభలో ఆయన సభ్యత్వం అప్పటికీ చెక్కుచెదరలేదు.

పెద్దాయన్ని ఈ వయసులో ఇంకెంత వేధిస్తారు, క్షమాపణ చెప్పాడు కదా, అప్పటి కాలం వేరు కదా అనేవాళ్లున్నారు. వాళ్ల బాధ అర్థం చేసుకోగలం. అయితే 1992లో కూడా నేరం నేరమే, పోలీస్ స్టేషన్ పోలీస్ స్టేషనే, అక్కడికి ఒక ఉత్తరం పంపడం తెలిసినవాళ్లకు ఏడూ పంపడం తెలియదంటే మేం నమ్మం.

మా భయమల్లా ఇది ఆనవాయితీగా మారడం గురించి. మారిపోయింది కూడా. 2024 నవంబర్‌లో వెల్బీ ఏం చేశారు? స్మిత్ వ్యవహారం మీద కీత్ మేకిన్ విచారణ నివేదిక వచ్చింది, రాజీనామా ప్రకటించారు. ఆ తర్వాత ప్రభువుల సభలో వీడ్కోలు ప్రసంగం చేస్తూ, తన డైరీ చూసే సెక్రటరీ మీద జాలిపడండి అంటూ నవ్వులు పూయించారు. బాధితులు భగ్గుమన్నాక దానికీ క్షమాపణ. ఇదే వెల్బీ 2019 సెప్టెంబర్‌లో అమృత్‌సర్ వచ్చి, జలియన్‌వాలాబాగ్‌లో నేల మీద సాష్టాంగపడ్డారు. ఆ ఫొటో చూసి ఈ దేశంలో ఎంతోమంది కదిలిపోయారు, మేమూ కదిలిపోయాం. వందేళ్ల కిందట ఎవరో చేసిన పాపానికి నేలకు తల ఆనించగలిగిన సంస్థ, తన కళ్లముందు తన ఆఫీసుకే వచ్చిన ఉత్తరాల దగ్గరికొచ్చేసరికి ఎందుకు బిగుసుకుపోతోంది? దూరంగా ఉన్న పాపానికి పశ్చాత్తాపపడటం తేలిక. దగ్గరున్న దానికి పేర్లు చెప్పాలి, తేదీలు చెప్పాలి, పక్కవాణ్ని పోలీసులకు పట్టివ్వాలి.

ఇంగ్లండ్ గొడవ మనకెందుకు అనుకోకండి. 2024 డిసెంబర్ 25న మెదక్ చర్చికి నూరేళ్లు నిండాయి. కరువులో జనానికి పని పెట్టి, కూడు పెట్టి కట్టించిన గుడి అని తాతలు చెప్పిన మాట ఇంకా ఆ చుట్టుపక్కల ఊళ్లలో వినిపిస్తుంది. అది కట్టినప్పుడు మెథడిస్టులది, 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాక సీఎస్‌ఐది అయింది. ఆ సీఎస్‌ఐ కేరీ నడిపిన ఆంగ్లికన్ కుటుంబంలో సభ్యసంఘమే. ఆంగ్లికన్లలో తొలి భారతీయ బిషప్, 1912లో అభిషేకం పొందిన అజరయ్య, మన డోర్నకల్ బిషప్. బంధుత్వం కొత్తదేం కాదు, కాబట్టి పాఠం కూడా మనదే.

ఒక మాట ఇక్కడే స్పష్టంగా చెప్పాలి. ఈ సంపాదకీయాన్ని చేతికందిన కర్రలా పట్టుకుని క్రైస్తవుల మీదికి పోదామని ఎవరైనా చూస్తే వాళ్లతో మాకు పని లేదు. పెద్దాయన పరువు కోసం పిల్లల నోరు నొక్కడం ఆశ్రమాల్లో, హాస్టళ్లలో, బళ్లలో, ఏ గుమ్మం వెనకైనా జరుగుతుంది.

ఈ విషయంలో మన దగ్గర చట్టం ఇంగ్లండ్ కన్నా ముందే గట్టిగా ఉంది. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోవడమే నేరం, ఆరు నెలల దాకా జైలు. సంస్థ పెద్దగా ఉండి తన కిందివాళ్ల నేరాన్ని దాచిపెడితే ఏడాది. ఇంగ్లండ్‌లో అలా చెప్పి తీరాలన్న చట్టం తెమ్మని విచారణ సంఘం 2022లో సిఫార్సు చేస్తే 2024 చివరికి కూడా తేలేదు. మనకు ఉంది. చట్టం కాగితం మీద ఉండటం వేరు, ఫిర్యాదు ఉత్తరం విప్పినవాళ్ల చేతులు దాన్ని గుర్తుంచుకోవడం వేరు. అయ్యగారి మీద మాట పడకూడదు, సంఘం పరువు పోతుంది, ట్రాన్స్‌ఫర్ చేసేద్దాం, రాజీనామా తీసుకుందాం, లోపల్లోపలే మాట్లాడుకుందాం అనే సలహాలు ఏ గదిలోనైనా ముందు వినిపించేవి. లాంబెత్‌లోనూ ఇలాంటి మెత్తని మనసులే పనిచేశాయి. ఆ మెత్తదనమంతా బాల్ మీద ఖర్చయిపోయి, ఆ ఆరుగురి దగ్గరికొచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

అందుకని మన బిషప్‌లను అడుగుతున్నాం. మీ ఆఫీసుకి ఒక తల్లి ఉత్తరం రాస్తే దాన్ని విప్పేదెవరు? అదే రోజు పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లేదెవరు? తీసుకెళ్లకపోతే ఆ మనిషి మీద మీరు పెట్టే కేసేమిటి, రాజీనామా కాదు, కేసు? ఈ మూడింటికీ పేర్లతో సహా జవాబు నోటీసు బోర్డు మీద అంటించండి. అంటించలేకపోతే క్రిస్మస్ నాడు ఆ నూరేళ్ల గోపురం కింద నిలబడి, చిన్నబిడ్డలను నా యొద్దకు రానియ్యుడి అన్న వాక్యం మాత్రం చదవకండి.